గాలి గొట్టం, పొగ గొట్టం

స్వర్ణోత్సవ సంచికలో మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం ఉండాలని సంఘం పెద్దలు నాకు ఫోను చేసినప్పుడు, నేను ఉదయగిరి దుర్గం గురించే రాస్తానని అనుకుని ఉంటారు. రాయలవారు గజపతుల దుర్గాన్ని ఏడాదిన్నర పాటు ముట్టడించి 1514లో గెలుచుకోవడం, కొండ ఎక్కడానికి బండలు పగలగొట్టించి బాటలు వేయించడం మన బళ్ళో చదివిన ప్రతివాడికీ తెలుసు. విహారయాత్ర పేరుతో ఏటా ఆ కొండ ఎక్కించి, దిగేసరికి మోకాళ్ళు పట్టేసేట్టు చేసి మరీ మాస్టార్లు మనకు నేర్పిన చరిత్ర అది. దాని మీద పుస్తకాలున్నాయి. నేను రాయబోయేది ఆత్మకూరు, ఉదయగిరి షెడ్లలో పాత ఇంజన్లకు చేత్తో చేసిన గొట్టాల గురించి.

ఆ గొట్టం ఏమిటో ముందు చెప్పాలి. సైన్సు వదిలేసి ఆర్ట్స్‌కు పోయిన మిత్రులు కూడా ఈ సంచిక చదువుతారు కదా. ఏ ఇంజనుకైనా గాలి లోపలికి పోవాలి, కాలిన పొగ బయటికి రావాలి. నాలుగు సిలిండర్లున్న ఇంజనైతే ఒక్క మూతి నుంచి వచ్చే గాలిని నాలుగింటికీ పంచాలి, నాలుగింటి పొగను మళ్ళీ ఒక్క దారిలోకి కలపాలి. ఒకపక్క చేతివేళ్ళలా చీలి, మణికట్టు దగ్గర ఒకటయ్యే ఈ గొట్టాన్ని మానిఫోల్డ్ అంటారు. గాలి పోయేదాన్ని మన షెడ్లలో ఇన్లెట్టు అనీ, పొగ వచ్చేదాన్ని ఎగ్జాస్టు అనీ అనేవాళ్ళు. బావి దగ్గర రైతుకు అది ఉత్త పొగగొట్టమే. కంపెనీలు దీన్ని బీడుతో, అంటే పోత ఇనుముతో, అచ్చులో పోస్తాయి. అది పగిలితే కొత్తది తెప్పించి బిగించాలి. కొత్తది దొరకని చోట ఏం చేశారన్నదే ఈ కథ.

నెల్లూరు జిల్లా అంటే బయటివాళ్ళకు మొలగొలుకుల బియ్యం, పెన్నా కాలువలు. సంగం దాటి పడమటికి వస్తే ఆ నెల్లూరు వెనకబడిపోతుంది. అక్కణ్ణుంచి వెలిగొండల దాకా మెట్టే. మద్రాసు నుంచి బెజవాడకు రైలుదారి 1899 నాటికి కలిసింది గానీ అది తీరం వెంట పోయింది. ఆత్మకూరుకు, వింజమూరుకు, ఉదయగిరికి మొన్నమొన్నటిదాకా రైలంటే బస్సే. కాబట్టి మన మెట్ట ఊళ్ళ బతుకు రెండు రకాల ఇంజన్ల మీద నడిచింది. ఒకటి రోడ్డు మీద బస్సుది, రెండోది బావి గట్టున నీళ్ళు తోడేది.

బస్సుతో మొదలుపెడతాను. జనరల్ మోటార్స్ వాళ్ళు 1928లో బొంబాయిలో కర్మాగారం పెట్టి, అమెరికా నుంచి వచ్చిన భాగాలను అక్కడ బిగించి షెవర్లే బళ్ళు అమ్మడం మొదలుపెట్టారు. ఫోర్డ్ వాళ్ళూ అదే పని చేశారు. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో తిరిగిన ప్రైవేటు బస్సుల్లో ఎక్కువ భాగం ఈ అమెరికా ఛాసిస్‌ల మీద స్థానికంగా కొయ్య బాడీ కట్టినవే. ఇంజను పెట్రోలుది. అంతా బాగానే ఉంది, యుద్ధం వచ్చేదాకా.

1941లో పెట్రోలుకు రేషను పెట్టారు. 1942 మార్చిలో రంగూను జపాను చేతికి చిక్కింది, దాంతో బర్మా చమురు ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మద్రాసులో జనం ఇళ్ళకు తాళాలు వేసుకుని పల్లెలకు మళ్ళారు. బస్సులు ఎక్కువ కావలసిన రోజుల్లోనే వాటికి నూనె లేకుండా పోయింది. అప్పుడు వచ్చినవి బొగ్గు బస్సులు.

బొగ్గు బస్సంటే రైలింజను లాగా ఆవిరితో నడిచేదని చాలామంది అనుకుంటారు. కాదు. బస్సు వెనకో పక్కనో నిలువెత్తు ఇనప డ్రమ్ము ఒకటి బిగించి, దాన్నిండా కట్టెబొగ్గు పోసి, కింద నిప్పు పెడతారు. గాలి చాలీచాలకుండా అందితే బొగ్గు పూర్తిగా కాలదు. కార్బన్ మోనాక్సైడ్ అనే మండే వాయువు వస్తుంది. దాన్ని చల్లబరిచి, బూడిద పోయేట్టు వడగట్టి, గొట్టం ద్వారా ఇంజనుకు పెడితే పెట్రోలు ఆవిరి బదులు అదే మండుతుంది. యూరప్‌లో ఆ యుద్ధకాలంలో లక్షల బళ్ళు ఇలాగే తిరిగాయి. మనకు వెలిగొండ అడవి పక్కనే ఉంది కాబట్టి బొగ్గుకు కొదవ లేదు. ఒక గ్యాలను పెట్రోలు చేసే పనికి ఆరేడు కిలోల బొగ్గు కావాలి.

మా నాయన చిన్నతనంలో ఆత్మకూరు నుంచి నెల్లూరుకు ఆ బస్సెక్కానని చెప్పేవాడు. తెల్లవారుజామునే క్లీనరు వచ్చి నిప్పు రాజేసి, చేతి ఫ్యాను తిప్పుతూ కూర్చునేవాడు. గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీస్తే మంట నిలకడగా నిలవాలి. అప్పుడు డ్రైవరు వచ్చి బండి లేపేవాడు. పెట్రోలుతో పోలిస్తే ఇంజను బలం దాదాపు సగానికి పడిపోతుంది. మిట్ట వచ్చిందంటే జనం దిగి తొయ్యాలి. “టిక్కెట్టూ మేమే కొనాల, తోసేదీ మేమేనా” అని అరిచిన ముసలమ్మ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా మేం నవ్వేవాళ్ళం.

గొట్టాల పని ఇక్కడే మొదలైంది. పెట్రోలు ఇంజన్లో గాలి గొట్టాన్నీ పొగ గొట్టాన్నీ ఒకదానికొకటి ఆనించి పోస్తారు. చల్లటి గొట్టంలో పెట్రోలు ఆవిరి కాకుండా బొట్లు బొట్లుగా గోడకు అంటుకుంటుంది. పొగ వేడి తగిలితే ఆవిరవుతుంది. బొగ్గు గ్యాసుకు ఆ అవసరం లేకపోగా అదే చేటు. వేడెక్కిన గ్యాసు వ్యాకోచిస్తుంది. అప్పుడు సిలిండరు నిండినట్టే ఉంటుంది గానీ అందులో మండే సరుకు తక్కువ. అసలే సగం బలం, అందులో ఇంకొంత పోతుంది. పైగా పెట్రోలుకు బరువు లెక్కన పదిహేను వంతుల గాలి కలిస్తే, గ్యాసుకు దాదాపు ఒకటికి ఒకటి కలపాలి. సన్నటి పాత గొట్టం అంత గ్యాసును మింగలేదు. కాబట్టి బండిని బొగ్గుకు సరిగ్గా మార్చాలంటే రెండు గొట్టాలనూ విడగొట్టి, గాలి గొట్టాన్ని వెడల్పుగా, పొగ వేడికి దూరంగా కొత్తగా చెయ్యాలి. గ్యాసూ గాలీ కలిసేచోట టీ ఆకారంలో ఒక ముక్క పెట్టి, గాలి ఎంత పోవాలో డ్రైవరు చేతిలో ఉండేట్టు ఒక రేకు తలుపు అమర్చాలి. కొలిమి దగ్గర బండి చక్రాలకు పట్టాలు వేసే మనిషి చేతికి మోటారు ఇంజను పని ఇలా వచ్చింది. ఎంతమంది సరిగ్గా చేశారో, ఎంతమంది ఉన్నదానికే బెజ్జం పెట్టి గొట్టం దోపి ‘అదే పోద్దిలే’ అన్నారో చెప్పలేం. మిట్టల దగ్గర జనం దిగిన తీరు చూస్తే రెండో రకం వాళ్ళే ఎక్కువనిపిస్తుంది.

ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు, పీలిస్తే ప్రాణం పోతుంది. ఇంజను నడిచేటప్పుడు గొట్టంలో ఎక్కడైనా సందుంటే బయటి గాలే లోపలికి పోతుంది. అప్పుడు ప్రమాదం ఇంజనుకే, మనిషికి కాదు. బండి ఆపాక డ్రమ్ములో ఇంకా నిప్పుంటుంది, గ్యాసు పుడుతూనే ఉంటుంది. అప్పుడు అదే సందులోంచి బయటికి వస్తుంది. అందుకే బొగ్గు బస్సును మూసిన షెడ్డులో ఆపకూడదనీ, రాత్రి అందులో పడుకోకూడదనీ కట్టడి. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

యుద్ధం అయిపోయి పెట్రోలు దొరకడం మొదలయ్యాక డ్రమ్ములు ఊడదీసి పారేశారు. పాత గొట్టాలు వెతికి మళ్ళీ బిగించారు. అయితే ఇంకో దెబ్బ దగ్గర్లోనే ఉంది. దేశంలోనే భాగాలు తయారు చేసే పథకం ఉన్న కంపెనీలకే ఇక్కడ చోటని 1953లో కేంద్ర ప్రభుత్వం తేల్చింది. బయటి నుంచి తెచ్చి బిగించడమే పనిగా ఉన్న జనరల్ మోటార్స్, ఫోర్డ్ 1954లో తట్టాబుట్టా సర్దుకున్నాయి. దేశానికి ఆ నిర్ణయం మంచిదే అయింది, టాటా వాళ్ళు, లేలాండ్ వాళ్ళు లారీలు మొదలుపెట్టింది ఆ కాలంలోనే. కానీ అప్పటికే కొన్న షెవర్లే, ఫోర్డ్ బళ్ళున్నవాడి గతేమిటి? మద్రాసు మౌంటు రోడ్డు దుకాణాల్లో ఉన్న సరుకు ఉన్నంతవరకే. తర్వాత పుదుపేట పాత ఇనుము. అదీ దొరక్కపోతే సొంత షెడ్డు.

కొందరు పెట్రోలు ఇంజనే తీసేసి డీజిల్ ఇంజను పెట్టించుకున్నారు. అలా పెట్టడానికి ఎక్కువగా వాడింది పెర్కిన్స్ పీ6. ఆరు సిలిండర్ల ఇంజను, 83 గుర్రాల బలం. మద్రాసులో సింప్సన్ వాళ్ళు 1950ల్లో దాన్ని ఇక్కడే తయారు చేశారు. ఒక కంపెనీ ఛాసిస్‌లో ఇంకో కంపెనీ ఇంజను కూర్చోబెడితే ఏదీ దేనికీ ఎదురుపడదు. పొగ వచ్చే మూతి ఒకచోట, పాత సైలెన్సరు గొట్టం ఇంకోచోట, మధ్యలో స్టీరింగు కడ్డీ అడ్డం. ఆ మధ్య గొట్టాన్ని వంకర తిప్పి కలపడమే షెడ్డు మేస్త్రీకి పరీక్ష. డీజిలుకు ఒక సుఖం ఉంది. లోపలికి పోయేది ఉత్త గాలే కాబట్టి గాలి గొట్టం ఎట్లా ఉన్నా పెద్ద పట్టింపు లేదు. దుమ్ము పోకుండా ఉంటే చాలు. కానీ డీజిల్ అదురు ఎక్కువ. ఇక్కడ అతికింది అక్కడ చిట్లేది. బస్సుల సంగతి ఇంతటితో చాలిస్తాను. 1958లో ఆర్టీసీ ఏర్పడింది, పోనుపోను ఈ పాత బళ్ళు ఒక్కొక్కటే మూలన పడ్డాయి.

అసలు కథ బావి దగ్గరుంది.

మెట్టలో నీళ్ళంటే కపిల. రెండెద్దులు, తోలు తొండం ఉన్న బాన, తెల్లవారకముందే కపిల పాట. మన వయసు వాళ్ళు చాలామంది ఆ మోకు మీద కూర్చుని ఊగినవాళ్ళే. ఆయిలింజనుతో నీళ్ళు తోడవచ్చని మద్రాసు రాజధానిలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు ప్రయోగాలు చేసి చూపించాడు. కానీ అది మన చిన్న రైతు దాకా రావడానికి స్వాతంత్ర్యం రావలసి వచ్చింది. 1946లో పుణె దగ్గర ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిలింజన్ల కంపెనీ పుట్టింది. ఐదు గుర్రాల ఏవీ1 రకం ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగేది. రాజ్‌కోట్ నుంచి లిస్టర్ రకం ఇంజన్లు వచ్చేవి, అవి నిదానంగా, పెద్ద చక్రంతో, దూరానికి కూడా లెక్కపెట్టగలిగేట్టు ‘డబ్, డబ్’ మనేవి. ఫలానా వాళ్ళ ఇంజను ఇవాళ ఇంకా లెయ్యలేదే అని ఊళ్ళో కూర్చునే చెప్పేవాళ్ళు.

ఒక్క సిలిండరు ఇంజనుకు మానిఫోల్డ్ అంటూ పెద్దగా ఉండదు. గాలికి ఒక వంపు, పొగకు ఒక వంపు. ఇంజను బావి గట్టున ఉన్నంతకాలం ఆ పొగ ఎటు పోయినా ఎవరికీ లెక్కలేదు. చిక్కు నీళ్ళు కిందికి దిగినప్పుడు వచ్చింది.

మన సైన్సు మాస్టారు బోర్డు మీద గీసిన బొమ్మ గుర్తుందా? పంపు నీటిని పైకి లాగదు, గాలి బరువే నీటిని పైకి నెడుతుంది, ఆ నెట్టుడు లెక్కలో 33 అడుగుల దాకా. ఆచరణలో పాతికడుగులు దాటితే పంపు గుటకలు మింగుతుంది. ఇంజను కొత్తగా కొన్నప్పుడు నీళ్ళు ఇరవై అడుగుల్లో ఉండేవి. కపిల నిదానంగా తోడేది, ఇంజను గబగబా తోడింది, ఊరంతా తోడింది. నాలుగేళ్ళు వానలు తప్పితే నీళ్ళు నలభై అడుగులకు పోయాయి. అప్పుడు రైతు చేసిందేమిటంటే బావి లోపలి గోడకు రాతిదిమ్మె కట్టి, ఇంజనునూ పంపునూ తాళ్ళతో దానిమీదికి దించడం. నీళ్ళు అందాయి. పొగ మాత్రం బావిలో పడింది.

బావి మూడు పక్కల మూసిన గది లాంటిది. గాలి ఆడదు. పెట్రోలుతో లేపి కిరసనాయిలు మీద నడిపే చిన్న ఇంజన్ల పొగలో బొగ్గు బస్సులో చెప్పుకున్న ఆ విషవాయువే దండిగా ఉంటుంది. డీజిలు పొగలో అది తక్కువే గానీ, బావి అడుగున గంటసేపు ఇంజను నడిస్తే అక్కడి ప్రాణవాయువు సన్నగిలి, ఉన్న కాస్త విషమే సరిపోతుంది. కాబట్టి దిమ్మె మీద ఇంజను పెట్టినవాడు పొగగొట్టాన్ని గట్టు పైదాకా, ఒక్క సందు లేకుండా, తేవాలి. బస్సులో ఆ గొట్టం బలానికి సంబంధించిన విషయం. ఇక్కడ అది ఇంటికి తిరిగి రావడానికి సంబంధించింది.

మా తరగతిలో ఒకడుండేవాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. మూడో బెంచీ. లెక్కల్లో నాకంటే ముందు. మేం తొమ్మిదిలో ఉండగా, ఎండాకాలం సెలవులకు కాస్త ముందు, ఒక రోజు వాడు బడికి రాలేదు. పొద్దున్నే వాళ్ళ నాయన బావిలో ఇంజను లేపడానికి దిగాడు. పొగగొట్టం అడుగున వంపు దగ్గర ఎప్పుడో చిట్లింది. పాతది కొన్నారు, ఎవరు అతికారో ఎవరికీ తెలియదు. సందుకు తడి గోనెపట్టా చుట్టి, పైన రేకు పెట్టి తీగతో బిగించి ఉంది. గోనె ఎండి కాలిపోయింది. ఆయన నీళ్ళు పడ్డాయని చూసుకుని, కాసేపు కూర్చుందామని దిమ్మె మీదే కూర్చున్నట్టున్నాడు. పైనుంచి పిలిస్తే పలకలేదు. తీయడానికి దిగిన చిన్నాయనకు నడుముకు తాడు కట్టి దించారు కాబట్టి ఆయన బతికాడు.

మాస్టారు మమ్మల్ని వెంటబెట్టుకుని వాళ్ళూరు తీసుకుపోయారు. వాడు ఏడవలేదు. ఊడదీసి గట్టు మీద పడేసిన ఆ వంపును కాలితో తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ బడికి రాలేదు. ఆత్మకూరులో ఒక వెల్డింగు షెడ్డులో చేరాడని తర్వాత తెలిసింది.

ఈ వ్యాసం కోసం మొన్న సంక్రాంతికి వాడి దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు షెడ్డు కొడుకుది, వాడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పించుకున్నది ఇక్కడ పెడుతున్నాను. సంచికల్లో ఇలాంటివి రాయరు, అందుకే కాస్త వివరంగానే రాస్తాను.

ముందు అట్టముక్క. ఇంజను తల దగ్గర గొట్టం కూర్చునే చోటికి నూనె రాసి, దానికి అట్ట ఆనించి అరచేత్తో ఒత్తితే బెజ్జాల ఆనవాళ్ళు దిగుతాయి. ఆ అట్ట ప్రకారం అరంగుళం మందం పలకను కోసి ఫ్లాంజి చెయ్యాలి. పలక సన్నంగా ఉంటే వెల్డింగు వేడికి విల్లులా వంగుతుంది, తర్వాత ఎంత బిగించినా పొగ కక్కుతుంది. అందుకని పాత ఇంజను తల ఒకటి షెడ్డులో ఎప్పుడూ ఉంచుకునేవాళ్ళు. ఫ్లాంజిని దానికి బోల్టులతో బిగించి, అలా బిగించి ఉండగానే గొట్టాలు అతికి, పూర్తిగా చల్లారాక ఊడదీయాలి.

తర్వాత వంపు. గొట్టాన్ని ఊరికే కాల్చి వంచితే మెడ నొక్కుకుపోతుంది. లోపల ఇసుక దట్టించి, రెండు కొసలా కొయ్య బిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాలి. ఇసుక ఎండలో కాదు, పెనం మీద వేయించిందై ఉండాలి. తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా తుపాకిగుండులా వస్తుంది. షెడ్డు తలుపుకు ఒక గుంట చూపించి “అది నా మొదటి వంపు” అన్నాడు. నీళ్ళ కోసం వాడే జీఐ గొట్టం చవగ్గా దొరుకుతుందని దాంతో చేసేవాళ్ళుంటారు. దాని మీది జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది, అతికినవాడికి రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. ఒకటి రెండుసార్లు పడ్డాక పూత గీకకుండా ముట్టుకోవడం మానేశాడు.

పగిలిన బీడును అతకడం ఇంకో విద్య. బీడు వేడికి తొందరగా ఒత్తిడి పడుతుంది. ఒకచోట మంట పెడితే ఇంకోచోట ‘టింగ్’ మని చిట్లుతుంది. ముక్క మొత్తాన్నీ బొగ్గుల్లో సన్నటి ఎరుపు వచ్చేదాకా కాల్చి, ఆ వేడి మీదే బీడు కడ్డీతో అతికి, వెంటనే బూడిదలో పాతిపెట్టి మర్నాడు తియ్యాలి. తొందరపడి నీళ్ళు చల్లితే పని మొదటికి. ఇత్తడితో అతకడం సులువు, కానీ అది గాలి గొట్టానికే పనికొస్తుంది. పొగగొట్టం మీద ఇత్తడి మెత్తబడి జారిపోతుంది. “మా నాయన వంపుకి ఇత్తడి పెట్టారురా” అన్నాడు ఇది చెబుతూ. యాభై ఏళ్ళ తర్వాత ఆ మాట మొదటిసారి వింటున్నాను. పద్నాలుగేళ్ళ వయసులో గట్టు మీద కూర్చుని కాలితో తిప్పి చూసింది దాన్నన్నమాట. అప్పుడు వాడికి అది ఇత్తడని తెలుసు గానీ తప్పని తెలియదు. షెడ్డులో చేరిన మూడో ఏట తెలిసింది.

కరెంటు సరిగా లేని రోజుల్లో వెల్డింగంటే కార్బైడు గ్యాసే. డబ్బాలో కార్బైడు రాళ్ళ మీద నీళ్ళు పడితే వెల్లుల్లి వాసనతో గ్యాసు పుడుతుంది, అడుగున సున్నం మిగులుతుంది. ఆ సున్నంతోనే షెడ్లకు వెల్ల వేసుకునేవాళ్ళు. ఆత్మకూరు పాత షెడ్ల గోడలు అంత తెల్లగా ఎందుకుండేవో నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది.

బావి గొట్టానికి వాడు పెట్టుకున్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. పొడుగు పెరిగేకొద్దీ గొట్టం లావు పెంచాలి, లేకపోతే పొగ వెనక్కి తన్ని ఇంజను ఉబ్బసం మనిషిలా అవుతుంది. వంపులు ఎన్ని తగ్గితే అంత మంచిది. పైకి పోయే పొగలోని తేమ చల్లబడి నీరై వెనక్కి కారుతుంది కాబట్టి అడుగున ఒక చిన్న బిరడా పెట్టి రోజూ వంచుకోవాలి. కొసన వాన పడకుండా ఊగే మూత. అన్నిటికంటే ముఖ్యం, చేసిన గొట్టాన్ని రెండు కొసలూ మూసి, సైకిలు పంపుతో గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి చూడనిదే షెడ్డు దాటనివ్వడు. ఒక్క బుడగ వచ్చినా మళ్ళీ కొలిమికే. రైతులు విసుక్కునేవాళ్ళంట, పొగగొట్టానికి ఇంత సోకెందుకని. “పొగ కనపడద్ది. చంపేది కనపడదు గదా” అనేవాడంట. ఎన్ని చేశాడో లెక్క రాసుకోలేదు. వాడు చేసిన గొట్టం పెట్టిన బావిలో ఎవరూ పోలేదని మాత్రం చెప్పాడు. దాన్ని నేను తరిచి చూడలేదు, నమ్మాను.

ఇప్పుడు ఆ పని లేదు. కరెంటు వచ్చింది, బావుల బదులు బోర్లు వచ్చాయి, మోటారు నీళ్ళలోనే మునిగి పని చేస్తోంది. పెన్నా మీద సోమశిల వచ్చింది. ఆయిలింజన్లు పాత ఇనుము కిందికి పోయాయి. ఒక విచిత్రం మాత్రం జరిగింది. కొన్నేళ్ళ కిందట పాత కార్ల సరదా ఉన్న పెద్దమనిషి ఒకాయన చెన్నై నుంచి వాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. యుద్ధానికి ముందటి కారు, మానిఫోల్డు మూడు ముక్కలైంది, ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు. అతకడానికి పనికిరాదని తేల్చి, కొత్తగా పోయిద్దామన్నాడు మనవాడు. పోయాలంటే ముందు కొయ్య నమూనా కావాలి. ఉదయగిరి కొయ్య చెంచాల సంగతి మీకు చెప్పక్కర్లేదు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చెంచాలు చెక్కే ఒకాయన చేత నమూనా చెక్కించాడు. బీడు చల్లారితే అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు ముడుచుకుంటుంది కాబట్టి నమూనాను ఆ మేరకు పెద్దగా చెక్కాలి. ఆ లెక్క ఎలా వేశావురా అంటే, “తొమ్మిదో తరగతి దామాషాలే గదా” అన్నాడు. గొట్టం లోపల బోలు రావడానికి ఇసుకలో బెల్లపు మడ్డి కలిపి కాల్చిన గుజ్జు పెట్టి పోయించారు. మొదటిది పిగిలిపోయింది, రెండోది నిలిచింది. కొయ్య నమూనా ఇంకా షెడ్డు అటక మీద ఉంది. చెంచాలాగే నున్నగా ఉంది, అవసరం లేని చోట కూడా.

ఈ సంచిక చివర పూర్వ విద్యార్థుల జాబితా ఉంటుంది. మన సంఘం మొదటి నుంచీ చివరి తరగతి పాసైన వాళ్ళ పేర్లే తీసుకుంటోంది కాబట్టి మా బ్యాచ్‌లో వాడి పేరు లేదు. అటెండెన్సు రిజిస్టరులో తొమ్మిదో తరగతి దాకా ఉంది, హెడ్‌మాస్టరు గారిని అడిగి చూసి వచ్చాను. కరువు ఏళ్ళలో అలా మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఒక్క మా తరగతిలోనే పదకొండు మంది. వాళ్ళ పేర్లు కార్యదర్శి గారికి రాసిచ్చాను. తక్కిన బ్యాచ్‌ల వాళ్ళు కూడా గుర్తు చేసుకుని రాసిస్తే జాబితా అచ్చుకు పోయేలోపు చేర్చవచ్చన్నారు.

ఉత్సవం రోజున పాత వస్తువుల ప్రదర్శనకు మా ఇంట్లో మూలనున్న ఐదు గుర్రాల ఇంజను తెస్తున్నాను. గొట్టం పోయింది, వాడే చేసిపెట్టాడు. నువ్వే వచ్చి లేపాలి అంటే మొదట రానన్నాడు. పెట్టేదెక్కడ అని అడిగాడు. వేదిక పక్కన, అందరికీ కనపడేట్టు అన్నాను. “ఆడొద్దు. పిల్లకాయలు కూర్చునేది ఆడేగదా. గాలి పడమర నుంచి వస్తాది, సైకిలు స్టాండు అవతల పెట్టండి. నేనే వచ్చి పెడతాలే” అన్నాడు.